కొండ మీదికి వినిపించిన కేక

అర్గిర పట్నంలో రాణిగారి మగ్గాల గదిలో పనిచేసే అంతూసకు ఆ ఏడు ద్రాక్షకోతలు కాగానే పెళ్ళి. పెళ్ళికొడుకు ఎవానోర్ రేవులో ఓడలు కట్టే వడ్రంగి. ఎడమచేతివాటం మనిషి, మాట తక్కువ. ఊరి చివర ఆలివ్ చెట్ల పక్కన రెండు గదుల ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి గానీ కప్పు పడలేదు. "కప్పు లేని కొంపలో కాపురం ఎట్లా పెడతావే?" అని తోటి ఆడవాళ్ళు ఏడిపిస్తే, "వానలొచ్చేదాకా చుక్కలు చూస్తూ పడుకుంటాం లెండి" అనేది అంతూస. గదంతా పకపకా నవ్వేది.

రాణి లిసిప్ప మాత్రం నవ్వేది కాదు. ఆమెకూ అంతూసకూ ఇంచుమించు ఒకటే వయసు. రాజు నికాంద్రోస్ జుట్టు అప్పటికే సగం నెరిసింది. అతను చెడ్డవాడని ఎవరూ అనరు. అతిథులు వస్తే మంచి గుర్రాన్ని చూపించినట్టు భార్యను చూపించేవాడు, చూపించాక లోపలికి పంపేసేవాడు. ఆ వసంతంలో సముద్రం అవతలి తెనీస నుంచి థీరోన్ అనే దొరబిడ్డ అతిథిగా వచ్చాడు. రాజుతో కలిసి వేటకు వెళ్ళాడు, రాజు పక్కన కూర్చుని తిన్నాడు, తాగాడు. అతను వచ్చిన దగ్గర్నుంచి రాణి మగ్గం మీద ఎర్రదారం పడాల్సిన చోట నల్లదారం పడసాగింది. ఆమె లేచి వెళ్ళాక అంతూస ఆ వరసలు విప్పి మళ్ళీ నేసేది. కారణం ఆమెకు తెలియకపోలేదు. పెద్దింటి సంగతి మనకెందుకులే అని ఊరుకుంది.

వేసవి నడుమ అర్తెమిస్ దేవి వస్త్రాలు ఉతికే పండుగ వచ్చింది. ఏరు సముద్రంలో కలిసేచోట ఆ రోజు ఆడవాళ్ళు తప్ప మగవాళ్ళు కనిపించకూడదు. లిసిప్ప మిగతావాళ్ళను ఏటి పైపాయలో ఉన్ని కడగమని పంపేసి, దేవి వస్త్రాలున్న బుట్ట అంతూస చేతికిచ్చి, రాతిగుట్ట చుట్టూ తిరిగి సముద్రం వైపు నడిచింది. గుట్ట వెనక ఓడ ఒకటి ఆగి ఉంది. తెరచాప దించేసి, తెడ్లు నీళ్ళలో ఉంచి, మనుషులు సిద్ధంగా కూర్చుని ఉన్నారు. ఓడ అంచున థీరోన్ చెయ్యి చాచి నిలబడ్డాడు.

లిసిప్ప చెప్పులు విప్పి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది.

"రాణమ్మా! ఎక్కడికమ్మా?" అంది అంతూస.

లిసిప్ప వెనక్కి తిరిగింది. ఆ ముఖంలో అంత వెలుగు అంతూస ఎన్నడూ చూడలేదు. "బుట్ట అక్కడ పెట్టేసి వెళ్ళిపోవే. నన్ను చూడలేదని చెప్పు."

"ఇది పోతే ఊరంతా చాటుతుంది, దొరా," అన్నాడు తెడ్ల దగ్గర కూర్చున్న ఎర్రగడ్డం వాడు. అంటూనే ఓడ మీంచి దూకాడు.

అంతూస బుట్ట పారేసి పరుగెత్తింది. తడి ఇసకలో పాదాలు దిగబడ్డాయి. ఎర్రగడ్డం వాడు వెనకనుంచి నడుం పట్టి ఎత్తేశాడు. ఆమె వాడి చేతిని కొరికింది, గోళ్ళతో రక్కింది, గొంతు చీరుకుపోయేలా అరిచింది. ఆ కేక రాతిగుట్టకు తగిలి, లోయలోంచి పాకి, పైన కొండ మీద గొర్రెలు కాసుకునేవాళ్ళ దాకా వెళ్ళింది. అందరికంటే దగ్గరగా విన్నది లిసిప్ప. అప్పటికి ఆమె థీరోన్ చేతిలో చెయ్యి వేసింది. ఒక్కసారి ఇటు చూసి, ముఖం అటు తిప్పుకుంది. వద్దనలేదు.

ఓడ నడిసముద్రానికి చేరేదాకా అంతూస ఏడుస్తూనే ఉంది. సాయంత్రం లిసిప్ప వచ్చి పక్కన కూర్చుంది.

"ఎందుకే అంత ఏడుపు? నేనున్నాగా నీకు."

"మీరు వస్తానన్నారు కాబట్టి వచ్చారమ్మా. నన్నెవరు అడిగారు?"

"అక్కడ నిన్ను బాగా చూసుకుంటాను."

"కోతలు కాగానే నా పెళ్ళమ్మా," అంది అంతూస.

లిసిప్ప తన పైవస్త్రం తీసి ఆమె భుజాల మీద కప్పి, లేచి థీరోన్ దగ్గరికి వెళ్ళిపోయింది. అంతూస ఆ వస్త్రాన్ని తీసి పక్కన పడేసింది. పొద్దుగూకాక గాలి చల్లబడితే మళ్ళీ తీసుకుని కప్పుకుంది. అందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

తెనీసలో థీరోన్ తల్లి ఫెనారి గడప దగ్గర నిలబడి కోడల్ని ఎగాదిగా చూసింది. నోరున్న ముసలమ్మ, ఊళ్ళో మగవాళ్ళే ఆమెకు జడుస్తారు. "చేపలకని వెళ్ళి సొరచేపను ఇంటికి తెచ్చాడమ్మా నా కొడుకు," అంది. తర్వాత వెనక నిలబడ్డ అంతూసను చూసింది. "నువ్వేమే, నువ్వూ మనసుపడే వచ్చావా?"

"లేదమ్మా. ఎత్తుకొచ్చారు."

ముసలమ్మ కొడుకు వైపు తిరిగింది. థీరోన్ తలదించుకున్నాడు. ఆమె ఆ రాత్రికి అంతూసను తన గదిలోనే పడుకోమంది. మర్నాడు ఇంట్లో మగవాళ్ళందరినీ పిలిచి, ఈ పిల్లమీద చెయ్యి వేసినవాడి చెయ్యి ఉండదని చెప్పింది. "దీన్ని వెనక్కి పంపెయ్యరా," అని కొడుకుతో పదేపదే అంది. పంపితే రాణి ఇక్కడుందని మనమే చెప్పినట్టే అని అతను మొదట వాయిదా వేశాడు. వచ్చే వసంతంలో పంపుతానని తర్వాత ఒప్పుకున్నాడు. ఆ వసంతం వచ్చేసరికి అంతూసను తీసుకెళ్ళే ఓడ కదలకముందే అటునుంచి తెరచాపలు కనిపించాయి. పొద్దున ఊరి కోటగోడ ఎక్కినవాళ్ళకు సముద్రం కనిపించలేదు, ఓడలే కనిపించాయి. నికాంద్రోస్ తన బావమరుదుల్నీ, వాళ్ళ వియ్యంకుల్నీ, తోడొస్తామని తనకు మాట ఇచ్చిన రాజులందర్నీ కూడగట్టుకొచ్చాడు.

ముందు రాయబారులు వచ్చారు. థీరోన్ ఇంటి పెద్దగదిలో వాళ్ళలో పెద్దవాడు కర్ర నేలకు తాటించి చెప్పాడు: "మా రాణిని బలాత్కారంగా ఎత్తుకొచ్చారు. ఆమె వేసిన కేక కొండ మీద గొర్రెలకాపరులు విన్నారు. అర్తెమిస్ బలిపీఠం ముందు ప్రమాణం చేసి చెప్పారు. ఆ కేక విన్న ఏ మగాడూ ఇంట్లో కూర్చోడు."

లిసిప్ప లేచి నిలబడింది. "నన్నెవరూ ఎత్తుకురాలేదు. నా కాళ్ళతో నేనే వచ్చాను. పోయి మీ రాజుకు అదే చెప్పండి."

ముసలి రాయబారి జాలిగా చూశాడు. "పగవాడి ఇంట్లో బందీగా ఉన్న ఆడదాని చేత ఏమైనా అనిపించవచ్చు తల్లీ. నువ్వు భయపడకు."

"నేనేం భయపడట్లేదు!"

"మరి ఆ కేక ఎవరిది?"

థీరోన్ నోరు విప్పలేదు. లిసిప్ప తల ఎత్తకుండా చూపు మాత్రం తిప్పి, తలుపు దగ్గర నీళ్ళకుండతో నిలబడి ఉన్న అంతూసను చూసింది. అంతూస నోట్లోంచి మాట బయటికి వచ్చేలోపే ఎర్రగడ్డం వాడు వచ్చి తలుపు వేసేశాడు. కుండ పట్టుకుని నడవాలో నిలబడిపోయిన అంతూసకు, ఇంత సైన్యం తన కేకకు వచ్చిందనీ, అది తనదని ఆ సైన్యంలో ఎవరికీ తెలియదనీ అప్పుడు అర్థమైంది.

యుద్ధం ఒక వేసవితో తేలిపోతుందనుకున్నారు. తేలలేదు. గోడ గట్టిది, బయటివాళ్ళ పంతం ఇంకా గట్టిది. చలికాలాలు వచ్చాయి, పోయాయి. ఎర్రగడ్డం వాడు ఒక చలికాలం ద్వారం దగ్గర పోయాడు. ఊళ్ళో బార్లీపిండిలో చిటికెడు ఊక కలిపారు, తర్వాత పిడికిళ్ళతో కలిపారు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒకరి గొంతులు ఒకరు గుర్తుపట్టేంత పాతబడ్డారు. "ఒరే అర్గిర వాళ్ళూ, మీ పెళ్ళాలు ఇంకా మీకోసమే చూస్తున్నారనుకుంటున్నార్రా?" అని గోడమీంచి అరిచేవాళ్ళు. "మీ మేకలు మా దగ్గర సుఖంగా ఉన్నాయి, మీరూ దిగిరండి!" అని కిందివాళ్ళు. నవ్వుకునేవాళ్ళు, మర్నాడు చంపుకునేవాళ్ళు.

ఆ మధ్యలోనే లిసిప్పకు ఆడపిల్ల పుట్టింది. పేరు నీసా. లిసిప్పకు పాలు సరిగా పడలేదు, మనసూ నిలకడగా లేదు. ఊళ్ళో కొడుకులు పోయిన తల్లులు ఆమె వీధిలోకి వస్తే ముఖం మీదే తలుపులు వేసేవాళ్ళు. పిల్లను ఎత్తుకుని తిరిగింది, మేకపాలు పట్టింది, జ్వరమొస్తే భుజాన వేసుకుని కూర్చుంది అంతూసే. ఎవరూ చెప్పలేదు, ఆమే చేసింది. పిల్ల లిసిప్పను 'అమ్మా' అని, అంతూసను 'అంతూ' అని పిలిచేది.

ఒకరోజు గోడమీద రాళ్ళు మోస్తూ అంతూస కిందికి చూసింది. ఒడ్డుకు లాగిన ఓడ పక్కన ఒకడు వంగి బాడిసెతో చెక్క చెక్కుతున్నాడు. ఎడమచేత్తో. అంత దూరాన ముఖం తెలియదు. కానీ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆ మనిషి తల కాస్త పక్కకు వంచి చూసుకునే తీరు ఆమెకు తెలుసు. ఆమె చేతిలో రాయి జారి కాలి మీద పడింది. ఆ రోజు నుంచి ఏదో ఒక వంకన గోడ ఎక్కేది. అతను బతికి ఉన్నాడని చూసుకుని దిగేది.

ఒక పెద్ద పోరాటం తర్వాత శవాలు ఎక్కువై, రెండు వైపులా పెద్దలు ప్రమాణాలు చేసుకుని ఒక పగలంతా పోరు ఆపారు. ఎవరి శవాలు వాళ్ళు తీసుకోవాలి. ఆ పగలు ఎవరు ఎవరిని పట్టుకెళ్ళినా ఒప్పందం చెడినట్టే. తెనీస ఆడవాళ్ళు నీళ్ళకుండలతో బయటికి వచ్చారు. అంతూస ఒక్కో శవం దగ్గర వంగి ముఖం కడుగుతూ, ముందు చేతులు చూసుకుంటూ వచ్చింది. ఒక కుర్రవాడి శవం మీదికి వంగి ఉండగా ఎదురుగా ఎవరివో పాదాలు ఆగాయి.

"అంతూ."

ఆమె తల ఎత్తింది. ఎవానోర్ గడ్డం పెరిగి ఉంది. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. చూసి పోల్చుకోవడానికి ఆమెకు క్షణం పట్టింది. తనను అతను పోల్చుకోవడమే ఆశ్చర్యమనిపించింది.

"పైకి చూడకు. కడుగుతూ ఉండు, కాపలావాళ్ళు చూస్తున్నారు," అన్నాడు. తనూ ఎదురుగా కూర్చుని శవం కాళ్ళు సర్దసాగాడు. "బతికే ఉన్నావు."

"ఉన్నాను. నువ్వు యుద్ధానికి ఎందుకొచ్చావు? నువ్వు కత్తి పట్టగలవా?"

"మొదట్లో పట్టలేకపోయాను. ఇప్పుడు పడతాను." కొంచెం ఆగి అన్నాడు: "ఓడలెక్కే ముందు రాజు చావడిలో నిలబడి, మనం ఏమేం తిరిగి తేవాలో చెప్పించాడు. రాణి, అతిథికి ఇచ్చిన బంగారు గిన్నెలు, రాణి ఒంటిమీది నగలు. చివరిదాకా విన్నాను. నీ పేరు లేదు. గిన్నెల తర్వాతైనా ఉంటుందేమో అనుకున్నాను."

అంతూస కుర్రవాడి నుదుటి మీద గుడ్డ ఆపింది.

"అందుకే వచ్చాను," అన్నాడతను. "నిన్ను వెతకడానికి ఎవడూ రావట్లేదని."

అతనే మళ్ళీ అడిగాడు, అడగలేక అడిగాడు. "అక్కడ... ఎవడైనా నిన్ను..."

"లేదు. ముసలమ్మ తన గదిలో పెట్టుకుంది. రాణికి ఆడపిల్ల పుట్టింది, దాన్ని నేనే సాకుతున్నాను. రాత్రిళ్ళు నా పక్కనే పడుకుంటుంది." గుడ్డ పిండుకుని, గొంతు ఇంకా తగ్గించింది. "ఎవానోర్, ఒకటి చెబుతాను. ఆ రోజు అరిచింది రాణి కాదు. ఆవిడ నవ్వుకుంటూ ఓడెక్కింది. అరిచింది నేను."

అతను శవం పాదం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత మెల్లగా మైదానమంతా కలయజూశాడు. ఎక్కడ చూసినా వంగిన ఆడవాళ్ళు, పడుకోబెట్టిన మగవాళ్ళు.

"ఎవరితోనూ అనకు," అన్నాడు చివరికి. "ఇంతమంది చచ్చాక ఆ మాట ఎవడూ మోయలేడు. నిన్ను చంపేస్తారు." ఒక్క క్షణం ఆగి, "నాకు మాత్రం చెప్పావు, మంచిపని చేశావు. నేను వచ్చింది నీ కేకకేనని ఇప్పుడు తెలిసింది," అన్నాడు.

"నాతో వచ్చెయ్యి" అని అతను అనబోయాడు. ఆమె కళ్ళతోనే గోడమీది కాపలావాళ్ళను చూపించింది. తిరిగి లోపలికి వెళ్ళేటప్పుడు ఒక మనిషి తగ్గితే ఒప్పందం చెడుతుంది, మిగతా శవాలు కుక్కలపాలవుతాయి. అతను లేచి కుర్రవాణ్ణి భుజాన వేసుకున్నాడు. వీడెవరి కొడుకని ఆమె అడిగింది. "మన రేవులో వలలు అల్లే ముసలామె లేదూ, ఆమె మనవడు," అని వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది తిరక్కముందే థీరోన్ పోయాడు. గొంతులో బాణం దిగింది. లిసిప్ప మూడు పగళ్ళు శవం పక్కనుంచి లేవలేదు. ఊళ్ళో తిండి అయిపోయింది, ఓపికా అయిపోయింది. పెద్దలు కూర్చుని లొంగిపోదామని తేల్చారు. నికాంద్రోస్ షరతులు చెప్పి పంపాడు. రాణిని అప్పగించాలి. గోడ పడగొట్టాలి. ఊరిని తగలబెట్టడు, ఆడవాళ్ళను పంచిపెట్టడు. కానీ థీరోన్ రక్తం అనేది భూమ్మీద మిగలకూడదు.

కబురు చెప్పినవాడు వెళ్ళాక ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు మిగిలారు, అంతూస ఒడిలో నిద్రపోతున్న పిల్ల ఒకటి. ముసలి ఫెనారి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఇది ఇక నీ పిల్ల కాదు," అంది లిసిప్పతో. "నా మనవరాలూ కాదు. పొద్దున్నకల్లా ఇది ఇంకెవరిదో అయిపోవాలి." ఆమె అంతూస వైపు చూడకుండానే ఆ మాట అంది.

లిసిప్ప వచ్చి అంతూస ముందు నేలమీద కూర్చుంది. ఇంతకాలంలో ఆమె కింద, అంతూస పైన కూర్చోవడం అదే మొదలు. "నిన్ను అడిగే హక్కు నాకు లేదు," అంది.

"లేదమ్మా," అంది అంతూస.

"అయినా అడుగుతున్నాను."

"తండ్రి ఎవరంటారు?" అంతూస గొంతు మామూలుగానే ఉంది. "థీరోన్ దొర పేరు చెప్పకూడదు కదా."

ముగ్గురికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. ఎవరూ పైకి అనలేకపోయారు. చివరికి అంతూసే అంది: "నన్ను ఓడలోకి విసిరినవాడి పేరు చెబుతాను. వాడికి ఎవరూ లేరు. వాడు చచ్చాడు."

లిసిప్ప ఆమె పాదాల మీద తల పెట్టింది. అంతూస కాళ్ళు వెనక్కి లాక్కోలేదు, ఆమెను లేపనూ లేదు. పిల్ల నిద్ర చెడకుండా సర్దుకుంది, అంతే.

పొద్దున ద్వారం బయట మైదానంలో నికాంద్రోస్ ఆసనం వేయించుకుని కూర్చున్నాడు. అతని జుట్టు ఇప్పుడు పూర్తిగా తెల్లబడింది. చుట్టూ సైన్యం. ఎదురుగా ఒక పక్క తెనీస ఆడవాళ్ళు. అతను లిసిప్పను చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం ఒక్కటే లేదు. ఆమె నిర్దోషి అని ఎవరైనా చెబితే వినాలన్న ఆత్రం కూడా ఉందని అంతూస గమనించింది. అంతమందిని చంపించిన మనిషికి ఆ మాట కావాలి.

"మా రాయబారులతో నీ ఇష్టంతోనే వచ్చానన్నావట," అన్నాడు. "బెదిరించి అనిపించారా?"

లిసిప్ప పెదవి కదపలేదు. అబద్ధం ఆడితే థీరోన్‌ను ఇంకోసారి చంపినట్టు, నిజం చెబితే రాళ్ళతో కొట్టి చంపుతారు.

రాజు అంతూస వైపు తిరిగాడు. "నువ్వు ఆ రోజు ఆమె వెంట ఉన్నావు. మా కాపరులు విన్న కేక ఎవరిది?"

ఈ యుద్ధం మొత్తంలో తనదంటూ ఉన్నది ఆ ఒక్క కేక. ఓడలో పక్కన కూర్చుని "నేనున్నాగా నీకు" అన్న మనిషి ముఖం చూసింది. ఒక్క మాట చాలు. ఆ మాట నిజం కూడా. తన ఏళ్ళన్నీ ఆ మాటలోంచి వెనక్కి తీసుకున్నట్టుంటుంది. భుజం మీద నీసా నిద్ర లేచి, మెడ చుట్టూ చెయ్యి వేసింది.

"రాణమ్మే అరిచింది దొరా," అంది. "నీళ్ళలోకి ఈడ్చుకుపోతుంటే అరిచింది. నేను అడ్డం పోతే నన్నూ విసిరేశారు."

సైన్యంలోంచి ఒక పెద్ద నిట్టూర్పు లేచింది. ఎవడో ముసలివాడు ఏడవసాగాడు. నికాంద్రోస్ కళ్ళు మూసుకుని తెరిచాడు.

"ఆ పిల్ల ఎవరిది?"

"నాది దొరా."

"తండ్రి?"

"థీరోన్ ఓడలో తెడ్డు వేసేవాడు. ఎర్రగడ్డం వాడు. ద్వారం దగ్గర పోయాడు."

రాజు తెనీస ఆడవాళ్ళ వైపు చూశాడు. "నిజమేనా?"

ఆ ఆడవాళ్ళలో ప్రతి ఒక్కరికీ నిజం తెలుసు. లిసిప్ప మూలంగా భర్తలను, కొడుకులను పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళు. ఆమె తల మీద దుమ్ము పోయాలని ఎదురుచూసినవాళ్ళు. ముందు వరసలో, ముగ్గురు కొడుకులను పూడ్చిన ఆవిడ మెల్లగా తల ఊపింది. "నిజమే. అది పనిపిల్ల కూతురు," అంది.

సరిగ్గా అప్పుడే నీసా లిసిప్పను చూసి చేతులు చాచింది. "అమ్మా!" అంది. ఎత్తుకోమని అటు వంగి, అందిన పైవస్త్రం అంచు పట్టుకుంది.

నికాంద్రోస్ ముందుకు వంగాడు.

లిసిప్ప పిల్లను చూసింది. చూసి, ఆ చిన్ని వేళ్ళను ఒక్కొక్కటిగా తన వస్త్రం మీంచి విప్పింది. "ఎప్పుడూ ఇంతే ఇది, కనిపించిన ప్రతి ఆడదాన్నీ అమ్మా అంటుంది," అంది. "దూరంగా తీసుకుపోవే దీన్ని. చేతులు జిగటగా ఉన్నాయి."

నీసా గుక్కపట్టి ఏడ్చింది. అంతూస పిల్లను గట్టిగా హత్తుకుని వెనక్కి జరిగింది. నికాంద్రోస్ తిరిగి ఆసనంలో ఒరిగాడు.

"ఈమె మా మనిషని అడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు, అంతూసను చూపించి.

"నేనున్నాను దొరా." ఎవానోర్ ముందుకు వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. ఎర్రగడ్డం వాడి మాట అతనూ విన్నాడు. అంతూస అతని కళ్ళలోకి చూడబోయింది, అతను చూపు కలపలేదు.

"ఏమయ్యా వడ్రంగీ, ఇన్నేళ్ళూ పెళ్ళాం కోసం చూసి, పగవాడి పిల్లనూ కలిపి మోసుకుపోతావా?" అన్నాడు రాజు. సైన్యం ఘొల్లున నవ్వింది. "ఒకటి కొంటే ఒకటి ఊరకే!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. ఎవానోర్ చెవులు ఎర్రబడ్డాయి. వచ్చి, ఏడుస్తున్న పిల్లను అంతూస చేతుల్లోంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. ఆ నవ్వుల మధ్యలోంచే ఓడల వైపు నడిచాడు. అంతూస వెనకే నడిచింది. ముసలి ఫెనారి వాళ్ళను చూడకుండా గోడవైపు తిరిగి నిలబడింది.

ఓడ కదిలిన రెండోరోజు గానీ వాళ్ళిద్దరికీ మాట్లాడుకునే వీలు చిక్కలేదు. రాణి ముందు ఓడలో ఉంది. వీళ్ళు వెనక ఓడలో, తాళ్ళ మోపుల మధ్య.

"నమ్మావా?" అని అడిగింది అంతూస.

"నువ్వు వాడి పేరు చెప్పగానే నమ్మాను," అన్నాడు ఎవానోర్. "రాణికి పిల్ల ఉందని నువ్వు చెప్పిన మాట ఆ క్షణంలో గుర్తే రాలేదు. రాణి దాని వేళ్ళు విప్పుతుంటే అప్పుడు వెలిగింది. ఆ వేళ్ళను విప్పిన తీరు పరాయి ఆడదానిది కాదు."

"అప్పటికే నువ్వు ముందుకు వచ్చేశావా?"

"రాలేదు. కానీ..." అతను మెడ గోక్కున్నాడు. "నమ్మి ఉన్నప్పుడు కూడా వచ్చేవాణ్ణే అనుకుంటాను. అబద్ధం చెప్పను, రోజూ మాత్రం లోలోపల కొట్టుకులాడేవాణ్ణి."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మాట తక్కువ మనిషి, అయినా అంతా చెప్పేశాడు.

అర్గిరకు వెళితే రోజూ రాణి కళ్ళముందు పిల్ల పెరుగుతుంది, ముఖం తల్లిలా తేలుతుంది. రాజుకు కళ్ళున్నాయి. మంచినీళ్ళకని ఓడలు ఒక చిన్న దీవి దగ్గర ఆగినప్పుడు, ఇక్కడ ఓడలు బాగుచేసే మనిషి లేడట, ఉండిపోతానని ఎవానోర్ ఓడ పెద్దను అడిగాడు. ఓడ పెద్ద సరేనన్నాడు. ముగ్గురూ దిగి ఒడ్డున నిలబడ్డారు. ముందు ఓడ అంచున ఒక ఆడమనిషి కనిపించింది, ఇటు తిరిగి. చెయ్యి ఎత్తలేదు. ఓడ మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి ఉంది.

నీసా చాలాకాలం అమ్మ ఎక్కడని అడిగింది. తర్వాత అడగడం మానేసింది. దీవిలో మేకలతో, చేపలవాళ్ళ పిల్లలతో పెరిగింది. అంతూసకు మరో ఇద్దరు మగపిల్లలు పుట్టారు. వాళ్ళను తిట్టినట్టే దీన్నీ తిట్టేది, వాళ్ళకు పెట్టినట్టే దీనికీ పెట్టేది.

నీసాకు పెళ్ళీడు వచ్చిన ఏడు, అర్గిర నుంచి వచ్చిన ఓడవాళ్ళు చెప్పారు, చలికాలంలో రాణి లిసిప్ప జ్వరంతో పోయిందని. బిడ్డలు లేరట. రాజు గొప్పగా దహనం చేయించాడట. అంతూస ఆ కబురు విని ఇంటికి వచ్చింది. పిండి కలుపుతున్న నీసాను చేతులు కడుక్కోమని, బయట రాళ్ళమీద కూర్చోబెట్టి, ఏదీ దాచకుండా మొదటినుంచి చెప్పింది. తను పరుగెత్తిన ఇసక దగ్గర్నుంచి, విప్పిన వేళ్ళ దాకా.

నీసా తన వేళ్ళ వంక చూసుకుంది. "నీకు ఆవిడ మీద కోపం పోయిందా?" అని అడిగింది.

"అంతా పోలేదు," అంది అంతూస. "ఓడలో నా మీద కప్పిన బట్ట గుర్తొస్తే ఇప్పటికీ మండుతుంది. నీ వేళ్ళు విప్పిన రోజు గుర్తొస్తే మాత్రం, లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపిస్తుంది."

నీసా లోపలికి వెళ్ళి గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెర తెచ్చింది. కన్నతల్లి పోతే కూతురు జుట్టు కోసి ఇవ్వడం వాళ్ళ ఆచారం. జడ కొస తను పట్టుకుని, మెడ దగ్గర కత్తిరించమంది. అంతూస కత్తిరించింది, కోత వంకర పోయింది. నీసా ఆ జడను నీళ్ళలో వదిలింది. అలలు దాన్ని కాసేపు ఇటే తోశాయి. తర్వాత తీసుకుపోయాయి.

సాయంత్రం పని ముగించుకుని ఎవానోర్ ఇంటికి వచ్చాడు. మగపిల్లలిద్దరూ అక్క తల చూసి కిచకిచ నవ్వుతున్నారు. అతను వాళ్ళను ఒక్క చూపుతో నోరు మూయించాడు. రొట్టె తుంచి, పెద్ద ముక్క నీసా ముందు పెట్టి, తినమన్నాడు.